సీట్లక్క గాల్లోకి లేచిన రోజు

సీట్లక్క ఆ రోజు పొద్దున ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి వదిన చెప్పు వేసుకుని వ్యాను ఎక్కింది. సగం దారి వెళ్లాక గానీ వదిన చూసుకోలేదు.

"అమ్మాయ్, నీ కాలికున్నది నా చెప్పు కాదూ?"

"ఏమో వదినా. కాలికి పట్టింది, వేసుకున్నాను."

వదిన వంగి తన కాళ్లు చూసుకుంది. "ఏమండీ, విన్నారా! విమానం తోలబోయే మనిషికి చెప్పులే తెలియడం లేదు. దాని సంగతి అలా ఉంచండి, నాకూ తెలియలేదు."

అన్నయ్య నవ్వలేదు. వ్యాను నడుపుతూ రోడ్డు మీదే చూపు పెట్టాడు. రాత్రంతా నిద్ర లేక కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నేను చెప్పిన మాట గుర్తుందా?" అన్నాడు చెల్లెలితో.

"గుర్తుంది."

"ఏదీ, చెప్పు."

"ఇవాళ రవ్వంత తేడా వచ్చినా రెక్కలు విప్పేస్తావు. నేను కిక్కురుమనకూడదు."

"విప్పేసి ఏం చేస్తాను?"

"బీరువాలు."

"ఆఁ, బీరువాలు," అన్నాడు అన్నయ్య. ఆ మాట అంటుంటే అతని గొంతులో ప్రాణం లేదు. ఆ రెక్కలకి వాడిన కలపని చూసి చూసి, ఒక్కొక్క ముక్కనీ గోటితో గీకి ఏరుకొచ్చింది అతనే మరి.

సీట్లక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మాట ఇచ్చింది నిజమే. ఇవ్వకపోతే అన్నయ్య విమానాన్ని షెడ్డులోంచి కదలనిచ్చేవాడు కాదు. కానీ ఇన్నేళ్లు చేసిన పని ఒక్క చిన్న తేడాకి తలుపులూ అరలూ అయిపోతుందంటే ఆమెకి భయంగా ఉంది. దానికి తోడు సంతోషం. రెండూ కలిసి ఆమెని సీట్లో కుదురుగా ఉండనివ్వలేదు.

ఆమె అసలు పేరు ఇంట్లోవాళ్లకి కూడా ఆలోచిస్తే గానీ గుర్తొచ్చేది కాదు. బస్సులకీ లారీలకీ కార్లకీ సీటు కవర్లు కుట్టే దుకాణం ఆమెది. అందుకని తనకన్నా పెద్దవాళ్లు కూడా సీట్లక్క అనేవారు. పనికి ఒప్పుకునే ముందు ఆమె టేపు తీసేది కాదు. ముందు ఆ సీట్లో కూర్చునేది. కళ్లు మూసుకుని అటూ ఇటూ కదిలి, "ఇక్కడ గుంట పడింది. మీకు ఎడమ తుంటి లాగుతోంది కదూ?" అనేది. డ్రైవర్లు నోరెళ్లబెట్టేవారు.

అలాగే ఒకసారి ఊరి చివర విమానం నడపడం నేర్పే స్కూలు నుంచి కబురొచ్చింది. సీట్లు చిరిగిపోయాయట. సీట్లక్క వెళ్లి, అలవాటు ప్రకారం ఎక్కి కూర్చుంది. కూర్చున్నది దిగలేదు. అక్కడ నేర్పే ముసలాయన, అందరూ మాస్టారనే ఆయన, కాసేపు చూసి దగ్గరికొచ్చారు.

"ఏమ్మా, కొలతలు అవ్వలేదా?"

"అయిపోయాయి మాస్టారూ. ఇక్కణ్ణుంచి ఏం కనిపిస్తుందా అని చూస్తున్నాను."

"ఏం కనిపిస్తుంది, గడ్డి."

"పైకి వెళితే?"

మాస్టారు ఏదో కసురుకోబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయారట. పక్క సీట్లో ఎక్కి కూర్చుని, "బెల్టు పెట్టుకో," అన్నారట. అది మొదలు. స్కూలు సీట్లన్నీ ఆమె కుట్టేది, ఆయన ఆమెకి నేర్పేవారు. లైసెన్సు చేతికొచ్చిన రోజున వదిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఫొటోలో దొంగతనం చేసి దొరికిపోయినదానిలా ఉన్నావు," అని, వీధిలో కనపడిన ప్రతి మనిషికీ తనే చూపించి వచ్చింది.

అన్నయ్య తలుపులూ బీరువాలూ చేసే వడ్రంగి. నిచ్చెన ఎక్కాలంటే కింద ఇంకొకరు పట్టుకోవాలి. అలాంటివాడు సొంతంగా విమానం కట్టుకునేవాళ్ల కోసం అమ్మే ప్లాన్లు చెల్లెలు తెచ్చి బల్ల మీద పరిస్తే పెదవి విరిచాడు. "ఇది విమానమా? బోర్లించిన బీరువా," అన్నాడు. మర్నాడు పొద్దున చూస్తే రంపం పట్టుకుని ఉన్నాడు.

ఇంటి పక్క షెడ్డులో కట్టారు. షెడ్డుకి ఒక పక్క గోడ వీధి వైపు, రెండోది పెరటి వైపు. అన్నాచెల్లెళ్లు పని చేసేటప్పుడు ఎప్పుడూ ఎదురెదురుగా కూర్చునేవారు. ఒకరు చెక్క పట్టుకుంటే ఒకరు జిగురు రాయడం, ఒకరు సూది గుచ్చితే ఒకరు లాగడం. ఎదురెదురుగా ఉన్నప్పుడు ఎడమ అంటే గొడవే కదా. అందుకని వాళ్లు ఎడమ, కుడి అనే మాటలే మానేశారు. వీధి రెక్క, పెరటి రెక్క. వీధి చక్రం, పెరటి చక్రం. ఆఖరికి వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందంటే కూడా "వీధి అరలో" అనేవారు. వదిన తల పట్టుకునేది.

వదిన మొదట్లో ఈ పనికి ఆమడ దూరంలో ఉండేది. కానీ రెక్కల మీద గుడ్డ అతికించాక దాన్ని బట్టల ఇస్త్రీపెట్టెతోనే వేడిచేసి బిగించాలి. ఇంట్లో ఉన్న ఇస్త్రీపెట్టె వదినది. "నా పెట్టె మీకిచ్చేది లేదు. మాడబెడతారు. తప్పుకోండి," అని తనే వచ్చి ఇస్త్రీ చేసింది. వేడి తగిలిన చోటల్లా గుడ్డ ముడుచుకుని, ముడతలన్నీ పోయి, వేలితో కొడితే డప్పులా మోగింది. వదిన ఇంకోసారి కొట్టింది. ఇంకోసారి. ఆ తర్వాత ఆమెని షెడ్డులోంచి బయటికి పంపడం ఎవరి వల్లా కాలేదు.

ఇదంతా అయి, తనిఖీవాళ్లు వచ్చి చూసి సరేనని, రెక్కలు విడదీసి లారీ మీద స్కూలు మైదానానికి చేర్చారు. నిన్న సాయంత్రం అక్కడే మళ్లీ బిగించారు. ఇవాళ ఎగరాలి.

వ్యాను ఆగీ ఆగకముందే సీట్లక్క దూకింది.

స్కూల్లో నేర్చుకునేవాళ్లంతా కంచె దగ్గర చేరారు. ఆమె దుకాణం పక్కనున్న టైర్ల షాపాయన షాపు మూసి మరీ వచ్చాడు. విమానం ఎండలో తెల్లగా, సన్నగా, ఇప్పుడే పుట్టిన దూడలా కాళ్ల మీద నిలబడి ఉంది. సీట్లక్క దాని చుట్టూ తిరిగింది. తాకింది. మళ్లీ తిరిగింది.

"ఇక చాలు, దిష్టి తగిలేలా ఉంది, ఎక్కు," అంది వదిన.

మాస్టారు గట్టిగా చెప్పారు. "ఇవాళ నువ్వు ఆకాశంలోకి వెళ్లడం లేదమ్మా. మొదట చిన్న గెంతు. రన్‌వే మీద పరుగెత్తి, మనిషి ఎత్తు లేచి, తిన్నగా మళ్లీ అదే రన్‌వే మీద దిగిపోవాలి. అది బాగుంటే మిగతాది మాట్లాడుకుందాం."

"సరే మాస్టారూ."

"ముందు కర్ర చూసుకుందాం. ఏమయ్యా వడ్రంగీ, నువ్వు చూసి చెప్పు. ఎడమా కుడీ అని చెప్పాలి. ఇక్కడ వీధీ లేదు, పెరడూ లేదు."

విమానం ఎటు ఒరగాలో చెప్పేది సీటు ముందున్న కర్ర. దాన్ని కుడికి వంచితే కుడి రెక్క చివరి పలక లేవాలి, ఎడమ రెక్కది దిగాలి. అప్పుడు విమానం కుడికి ఒరుగుతుంది. అన్నయ్య ముక్కు ముందుకు వెళ్లి, చెల్లెలికి ఎదురుగా నిలబడ్డాడు. మాస్టారు చక్రం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, బోల్టు చూస్తూ చెవి మాత్రం ఇటు పెట్టారు.

సీట్లక్క కర్ర కుడికి వంచింది.

"కుడిది లేచింది! ఎడమది దిగింది!" అన్నయ్య అరిచాడు.

ఎడమకి వంచింది.

"ఎడమది లేచింది!"

"మంచిది," అన్నారు మాస్టారు.

ఆమె తల తిప్పి తనే చూసుకోవలసింది. చూసుకోలేదు. అన్నయ్య నోటినే చూస్తోంది, పరీక్ష ఫలితం చదువుతున్నవాడి నోటిని చూసినట్టు.

ఇంజను అందుకుంది. గడ్డి వెనక్కి పడుకుంది. కంచె దగ్గర ఎవరో ఈల వేశారు. విమానం మొదట కుంటుతున్నట్టు కదిలి, తర్వాత పరుగందుకుంది. చక్రాల కింద రాళ్లు టకటకలాడుతున్నాయి. టకటక. టకటక. ఒక్కసారిగా ఆ చప్పుడు ఆగిపోయింది.

అబ్బ! లేచింది!

సీట్లక్కకి ఆ ఒక్క క్షణం చాలు అనిపించింది. కింద ఏమీ లేదు. తను కుట్టిన గుడ్డ, అన్నయ్య కోసిన చెక్క, వదిన ఇస్త్రీ, వాటి మీద కూర్చుని గాల్లో ఉంది.

అంతలో పక్కనుంచి చిన్న గాలి తోసి ఎడమ రెక్కని లేపింది. స్కూలు విమానంలో ఎన్నిసార్లు చూసిందో అది. ఆమె అలవాటుగా కర్రని కొంచెం ఎడమకి నొక్కింది. రెక్క దిగాలి. దిగలేదు. ఇంకా పైకి లేచింది. ఇంకొంచెం నొక్కింది. కుడి రెక్క చివర గడ్డిని వెతుక్కుంటూ కిందికి పోతోంది.

చేతికి అర్థమైపోయింది, బుర్ర కన్నా ముందే. నేను వద్దన్న కొద్దీ చేస్తోందంటే, నేను చెప్పేదే తిరగబడి వింటోంది. ఆమె కర్రని నడిమికి తెచ్చి అక్కడే బిగించి పట్టుకుంది. తోకని తిప్పే ఎడమ పెడల్‌ని కాలితో నెమ్మదిగా తొక్కింది. ముక్కు కాస్త ఎడమకి తిరిగింది, దాని వెంట కుడి రెక్క బద్ధకంగా పైకొచ్చింది. ఇంజను తగ్గించింది. ఒక చక్రం తగిలింది, గెంతింది, రెండోదీ తగిలింది. టకటక, టకటక. ఆగింది.

అందరికన్నా ముందు అన్నయ్య వచ్చాడు. అతను అంత పరుగెత్తగలడని ఎవరూ అనుకోలేదు.

"ఏమైంది? ఏమైందే?"

"కర్ర తిరగబడి పనిచేస్తోంది అన్నయ్యా."

"లేదు! నేను చూశాను కదా!"

మాస్టారు ఆయాసపడుతూ వచ్చి, విమానం వెనక్కి వెళ్లి, ఆమె ఎటు చూస్తోందో అటే ముఖం పెట్టి నిలబడ్డారు. "కర్ర కుడికి వంచమ్మా."

వంచింది. కుడి పలక కిందికి దిగింది.

"ఏమయ్యా, పొద్దున ఏ పలక లేచిందన్నావు?"

"కుడిది మాస్టారూ."

"ఎవరి కుడి?"

అన్నయ్య ముక్కు ముందుకు వెళ్లి, పొద్దున నిలబడ్డ చోటే నిలబడ్డాడు. తన కుడి చెయ్యి ఎత్తి చూసుకున్నాడు. దానికి ఎదురుగా ఉన్నది చెల్లెలి ఎడమ రెక్క. చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

"అంటే కర్ర నుంచి పలకలకి వెళ్లే తీగలు మారిపోయాయన్న మాటే కదా," అన్నాడు నీరసంగా. "ఎలా మారతాయి? వీధి తీగ వీధి వైపే కదా తగిలించాను."

"నేనే అందించాను. వీధిది ఇదిగో అని," అంది సీట్లక్క.

ఇద్దరూ ఒకేసారి తల తిప్పి రోడ్డు వైపు చూశారు. షెడ్డులో వీధి విమానానికి ఎడమ పక్కన ఉండేది. నిన్న మైదానంలో విమానాన్ని నిలబెట్టిన తీరుకి రోడ్డు కుడి పక్కకొచ్చింది. ఇన్నేళ్ల అలవాటు కొద్దీ చేతులు తీగని రోడ్డు ఉన్న వైపుకే తీసుకెళ్లాయి.

ముందు వదినకి నవ్వొచ్చింది. భయపడి భయపడి ఉన్నదేమో, ఆపుకోలేకపోయింది. "ఉప్పు డబ్బా దగ్గరే చెప్పాను! విన్నారా ఒక్కరైనా!" అంటూ కూలబడి, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

అన్నయ్య మాత్రం పానాల పెట్టె తెరిచాడు.

"తప్పు చేసింది నేను, అది సరిగ్గా ఉందని అరిచిందీ నేనే," అన్నాడు. "నా చేతులారా నిన్ను చంపి ఉండేవాణ్ని. మాటంటే మాటే. దిగు. రెక్కలు విప్పేస్తాను."

సీట్లక్క దిగలేదు. విప్పిన బెల్టు మళ్లీ పెట్టుకుంది.

"దిగమంటున్నానా!"

"విప్పుకో. నేను సీట్లోనే ఉంటాను."

"కిక్కురుమనను అన్నావు!"

"అనడం లేదుగా. కూర్చున్నాను, అంతే."

కంచె దగ్గర టైర్ల షాపాయన పకపకా నవ్వి, వదిన చూపు తగిలి దగ్గుగా మార్చుకున్నాడు. అన్నయ్య పానా పట్టుకుని రెక్క మొదట్లో బోల్టు దగ్గర వంగాడు. పానా బోల్టుకి పట్టడం లేదు.

సీట్లక్క నెమ్మదిగా అంది. "అన్నయ్యా, అది ఒరిగింది అందరూ చూశారు. లేచింది ఎవరైనా చూశారా?"

అతను పానాని ఇంకోసారి బోల్టుకి పెట్టాడు.

"ఎంత తేలిగ్గా లేచిందో తెలుసా? నేను కర్రని వెనక్కి లాగలేదు. చప్పుడు ఆగేదాకా నాకే తెలియలేదు."

పానా ఆగింది. "లాగకుండానేనా?"

"వేలు పెట్టానంతే."

"ముక్కు బరువుగా అనిపించలేదూ? ఇంజను ముందుకి పెట్టామని నాకు అనుమానంగానే ఉంది."

"లేదు. తిన్నగా ఉంది."

"రెక్కలు అదిరాయా?"

"ఊహూఁ. నీ బల్ల మీద చెయ్యి పెట్టినట్టుంది."

అన్నయ్య లేచి నిలబడ్డాడు. ముఖంలో భయం అలాగే ఉంది, కానీ దాని పక్కనే ఇంకేదో వచ్చి కూర్చుంది. తను చేసిన వస్తువు ఎలా ఉందో అడగకుండా ఉండలేని పనివాడి ఆశ. "మరి దిగేటప్పుడు గెంతింది ఎందుకు?"

"ఒంటి చక్రం మీద దించాను, గెంతదా? తప్పు నాది."

"స్ప్రింగు మెత్తగా పెట్టానేమో అనుకున్నాను."

"స్ప్రింగు వల్లే బతికాను."

అన్నయ్య మాస్టారి వైపు చూశాడు. మాస్టారు తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు.

"నన్నడిగితే నాకూ చెంపదెబ్బ వేయాలి," అన్నారు. "చెవితో చూశాను, కళ్లతో చూడకుండా. ఇప్పుడు ముక్కు నుంచి తోక దాకా ప్రతి కీలూ, ప్రతి తీగా మళ్లీ చూస్తాం. పూర్తయ్యేదాకా ఎవరూ ఇంజను మాటెత్తకూడదు. అప్పటికి గాలి తగ్గితే, ఒక గెంతు. అది నాకు నచ్చితే, ఒక చుట్టు. నచ్చకపోతే నేనే మొదటి బోల్టు విప్పుతాను."

మధ్యాహ్నమంతా చూశారు. తీగలు మార్చారు. ఈసారి కుడి, ఎడమ, వీధి, పెరడు ఏ మాటా వద్దన్నారు మాస్టారు. చెయ్యి వెయ్యాలి, చేతి కింద ఏం జరిగిందో చెప్పాలి. ఒక రెక్క వెనక అన్నయ్య, రెండో రెక్క వెనక వదిన నిలబడ్డారు. మాస్టారు సీటు పక్కనే నిలబడి సీట్లక్క చేతినీ, రెక్కల్నీ మార్చి మార్చి చూశారు.

"వంచు."

"నా చేతి కింద లేస్తోంది!" వదిన అరిచింది. "నన్నే ఎత్తేస్తోంది, అమ్మో!"

"నా దగ్గర దిగింది," అన్నాడు అన్నయ్య.

మాస్టారు చూసి, తలూపి, "ఇంకోసారి," అన్నారు. ఇంకోసారి. వదినకి చెయ్యి నొప్పి పుట్టేదాకా చేయించారు.

ఎండ మెత్తబడింది. కంచె మీద కట్టిన గుడ్డపేలిక తోక ముడిచింది. గాలి లేదు.

గెంతు చిటికెలో అయిపోయింది. లేచింది, నిలబడింది, కర్ర చెప్పిన మాట చెప్పినట్టు విన్నది, మెత్తగా దిగింది. మాస్టారు దగ్గరికొచ్చి, ఏదో పెద్ద ఉపన్యాసం ఇవ్వబోయి, "వెళ్లు," అన్నారు.

ఈసారి చక్రాల చప్పుడు ఆగిపోయాక సీట్లక్క ఆగలేదు. రన్‌వే చివర వచ్చింది, పోయింది. కంచె పోయింది. చెట్ల తలలు కాళ్ల కింద నుంచి జారిపోయాయి. ఆమె అరిచింది. ఏమని అరిచిందో ఆమెకే తెలియదు. ఇంజను హోరులో ఎవరికీ వినపడదు కదా అని మళ్లీ అరిచింది.

కర్రని రవ్వంత ఎడమకి వంచింది. వద్దనుకున్నా ఒళ్లు బిగుసుకుంది. ఎడమ రెక్క బుద్ధిగా వంగింది. భూమి మొత్తం పళ్లెంలా ఒక పక్కకి ఒరిగి ఊరంతా కనపడింది. మేడల మీద నీళ్ల ట్యాంకులు. తీగల మీద ఆరేసిన బట్టలు. తన దుకాణం రేకు. రోడ్డు మీద లారీలు వరసగా పోతున్నాయి, వాటిలో ఏ సీటు తను కుట్టిందో పైనుంచి ఎవరు చెప్పగలరు! వంతెన మీద ఒక మనిషి సైకిలు ఆపి, చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని పైకి చూస్తున్నాడు. ఆమె చెయ్యి ఊపింది. అతనికి కనపడిందో లేదో, అతనూ ఊపాడు.

గుడ్డ ఎక్కడా ఉబ్బలేదు. కుట్లు బిగువుగా ఉన్నాయి. ఎండ అడ్డంగా పడి, రెక్క లోపలి చెక్కలన్నీ గుడ్డలోంచి నీడలుగా కనిపిస్తున్నాయి, ఒక్కొక్కటీ అన్నయ్య చేత్తో సానబెట్టినవి. అవి ఇలా కనిపిస్తాయని అన్నయ్యకి తెలియదు. దిగగానే చెప్పాలి అనుకుంది. అనుకున్నాక దిగాలనిపించలేదు.

కింద మైదానం అగ్గిపెట్టెంత ఉంది. అందులో చీమలంత మనుషులు. ఒక చీమ అటూ ఇటూ పరుగెడుతోంది. అది వదినే అయ్యుంటుంది.

చుట్టు పూర్తయింది. సీట్లక్క ముక్కుని రన్‌వేకి తిన్నగా పెట్టి, ఇంజను తగ్గించి, ఊపిరి బిగబట్టి దించింది. రెండు చక్రాలూ ఒక్కసారే తగిలాయి. గెంతలేదు.

ఇంజను ఆగాక ఆ నిశ్శబ్దం చెవులకి కొత్తగా ఉంది. అంతలోనే ఈలలు, చప్పట్లు, టైర్ల షాపాయన కేకలు. వదిన వచ్చి ఆమె మెడ పట్టుకుని ఊపేసింది. "ఏమే, చెయ్యి ఊపావా మాకు? మేం ఊపుతూనే ఉన్నాం!"

"ఊపాను వదినా, సైకిలాయనకి."

"సైకిలాయన ఎవడే?"

సీట్లక్క నవ్వడం మొదలుపెట్టింది, ఆపలేకపోయింది. మాస్టారు అద్దాలు తీసి తుడుచుకుని, "దిగడం బాగుంది. మలుపు వెడల్పు ఎక్కువైంది. అది సరిచేసుకోవాలి," అన్నారు. ఆయన నోటి నుంచి అంతకు మించి పొగడ్త ఎవరూ వినలేదు.

అన్నయ్య ఆ గుంపులో లేడు. ఇంజను పక్కన వంగి, పాత గుడ్డతో నూనె మరకలు తుడుస్తున్నాడు. చక్రాలు తట్టి చూశాడు. రెక్క కింద దూరి, బోల్టులు ఒక్కొక్కటీ వేలితో నొక్కి చూశాడు.

"అన్నయ్యా, పైన ఎండలో నువ్వు చేసిన చెక్కలన్నీ కనిపించాయి, గుడ్డలోంచి," అంది సీట్లక్క.

"అన్నీనా?"

"అన్నీ. వరసగా."

అతను రెక్క కిందనుంచి బయటికి రాలేదు. కాసేపు అక్కడే ఉండి ముక్కు చీదాడు. తర్వాత తల మాత్రం బయటికి పెట్టి, చెల్లెల్ని కాకుండా మాస్టారిని అడిగాడు.

"మాస్టారూ, రేపు గాలి ఎప్పుడు తక్కువగా ఉంటుంది?"

"తెల్లవారగానే."

"అయితే పదండి ఇంటికి," అంది వదిన. "ఇవాళైనా కాస్త నిద్రపోనివ్వండి నన్ను. మళ్లీ పొద్దున్నే నా చెయ్యి పెట్టాలి కదా ఆ రెక్క మీద."